ఆరు జీడిపిక్కలు

ప్రియమైన బావకి,

ఫోనులో నువ్వు ఊ కొడతావే గానీ వినవు, అందుకే రాస్తున్నాను. లెక్కల్లో రీసెర్చి సీటుకి ఇంటర్వ్యూ వచ్చే నెల మొదటి శుక్రవారం. ఈ విశాఖలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. బోర్డు మీద చెప్పాల్సింది ఇదీ: ఒక సంఖ్యను అన్నీ బేసి పోగులే అయ్యేట్టు ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో, ఏ రెండు పోగులూ సమానం కాకుండా కూడా అన్ని రకాలుగానే విడగొట్టొచ్చు. ఆరుకి అటు నాలుగు, ఇటు నాలుగు. నీకు చెప్పగలిగితే వాళ్ళకీ చెప్పగలను. చేసి చూడు. ఈ మధ్య చేపల వేట సంగతే ఎత్తడం లేదేం?

కాళ్ళు నిలవని నీ గౌతమి

గౌతమీ,

నీ లెక్క తప్పు. ఆరు జీడిపిక్కలు ముందరేసుకొని నాలుగ్గంటలు సూసినాను. బేసివి ఎనిమిది రకాలొచ్చినాయి, సమానం కానివి పదకొండు. వేటలో వాటాల్లాగే మొదటి పోగు పడవది, రెండోది వలది, తరవాత మనుషులవి. పడవకి అయిదు, వలకి ఒకటి ఇత్తే ఒక రకం. తిరగేసి ఇత్తే ఇంకో రకం కదేటి? రెండూ ఒకటేనంటే పడవ గల కన్నయ్య మావ మళ్ళీ ఎక్కనిత్తాడా? సరిగ్గా సూసుకో, నలుగురిలో నవ్వులపాలవుతావు. వేట బాగానే ఉంది. నువ్వు రావద్దు, సదువుకో.

చిరంజీవి

బావా,

ముందు నా లెక్కే తప్పేమోనని మళ్ళీ వేశాను. తీరా చూస్తే నువ్వు పోగులకి వాటాదారుల్ని పెట్టావు. నా పోగులు ఎవరివీ కావు. అయిదూ ఒకటీ, ఒకటీ అయిదూ ఒకటే. బేసి పోగుల్లో సమానమైనవి రెండుంటే కలిపెయ్. మళ్ళీ సమానమైనవి కనబడితే మళ్ళీ కలుపు. చివరికి అన్నీ వేరువేరవుతాయి. వెనక్కి రావాలంటే సరి పోగుల్ని బేసి అయ్యేదాకా సగం చేస్తూ పో.

ఇంకోటి అడుగుతాను. సముద్రం మీదికెళ్ళేవాడికి జీడిపిక్కలతో నాలుగ్గంటలు ఒకచోట కూర్చునే తీరికెక్కడిది? పలాసలో మీ నాన్నకి డయాలసిస్ అయినప్పుడూ నాలుగ్గంటలే పట్టేది, పక్కన కూర్చున్నది నేనే. నాకు భయంగా ఉంది. ఇంటర్వ్యూకి వెళ్ళనా, ఊరికి బస్సెక్కనా?

గౌతమి

గౌతమీ,

నీ దగ్గర దాగదు. కవిటి నుంచి ఆటోలో పలాస ఎల్తన్నాను, వారానికి రెండుసార్లు. పడవ మీదికి తమ్ముడు తేజ ఎల్తన్నాడు. సెప్తే ఇంటర్వ్యూ మానేసి వచ్చేత్తావని సెప్పలేదు. ఇప్పుడూ అదే నా భయం.

డయాలసిస్ సూదులుంటాయి, ఎడం సెయ్యి కదపకూడదు. కుడిసేత్తోనే నువ్వు సెప్పినట్టు కలిపినాను, నాలుగూ నాలుగూ వచ్చినాయి. పక్క మంచం నారాయణమ్మ తన పిక్కొకటి ఇచ్చి ఏడుకి సెయ్యమంది. అటు అయిదు, ఇటు అయిదు. ఆమె నవ్వింది. ఆ గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి సూడ్డం.

శుక్రవారం బోర్డు ముందర నిలబడు. సీటు తెచ్చుకో. మర్నాడు నాకు మళ్ళీ పలాస. ఎనిమిదికి ఒక పిక్క తక్కువుంది. అది నువ్వు పట్టుకురా.

నీ బావ