యోషి మనిషి పేరు కాదు

సంజీవరావు గారికి,

మన జపాన్ గాయని పాత ఆల్బమ్‌ల కంటే కొత్తవే గొప్పవని రాసినందుకు నన్ను మన పాటల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. "లేబర్ క్యాంపులో ఉండేవాడికి జపాన్ పాటలు ఏం తెలుస్తాయండీ?" అని మీరు పెట్టిన వాయిస్ మెసేజ్‌ని ఇంకా గ్రూపులోనే ఉన్న నా రూమ్మేట్ రాజేందర్ వినిపించాడు. "గంత మాటంటే ఊకుంటవార?" అని నన్నే తిట్టాడు. ఊరుకోను.

డెబ్బై ఏళ్లకు ఆమె గొంతు పోయిందనీ, ప్రేమ పాటలతోనే ఆమె పని అయిపోయిందనీ మీ వాదన. కొత్త ఆల్బమ్ మూడో పాటలో పదే పదే వచ్చే 'యోషి'ని ప్రియుడి పేరనుకొని "ఓ యోషీ, రావా" అని తెలుగు చేశారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

యోషి మనిషి కాదండీ. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో మా జపాన్ ఫోర్‌మన్ రోజూ మాతో అనిపించే మాట. పైకి ఎక్కేముందు నడుముకు కట్టుకున్న సేఫ్టీ బెల్టును వేలితో చూపించి "యోషి" అనాలి. హుక్కును చూపించి మళ్లీ "యోషి" అనాలి. అంటే సరిగ్గా ఉందని. ఆ పాటలో ఆమె పనికి పోయేవాళ్ల బెల్టులు చూస్తోంది, ప్రియుణ్ణి పిలవడం లేదు. ఇరవై ఏళ్ల గొంతుతో ఆ మాట అంటే ఎవడు నమ్ముతాడు?

శుక్రవారం సెలవు రోజున సిటీకి వచ్చి, ఫరీజ్ బిన్ మహమూద్‌లో మీ ఇంట్లో జరిగే పాటల కూటానికి వస్తున్నాను. ఇదంతా అందరి ముందూ చెబుతాను. తలుపు తీయకపోతే మెట్ల మీదే నిలబడి పాడతాను. నాకు పాట మొత్తం వచ్చు.

ఇట్లు,
మీరు తీసేసినవాడు