తవుడిచ్చి కొన్న పిల్ల

ప్లెయిన్స్‌బరో, అక్టోబరు 2009

ధనమ్మక్కా,

చిన్నప్పుడు అమ్మ నిన్ను తవుడిచ్చి కొన్నానంటే, నువ్వు గేదెల పాకలో దూరి ఏడ్చావు, గుర్తుందా? సాయంత్రం నీకు జడ వేస్తూ అమ్మ నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అదే వేళాకోళం మా ఆరేళ్ల ధృతితో ఆడాను. అది స్కూల్లో టీచరుకి చెప్పేసింది. ఈ దేశపు పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్లు నేను నిజంగానే పిల్లని కొన్నానని కేసు రాసి, నన్ను ఇంట్లోంచి పంపేశారు. నెలయింది. వారానికో కొత్త ఆఫీసరు వచ్చి, "అమ్మినవాడి పేరేంటి?" అని మళ్లీ మొదలెడతాడు. బర్త్ సర్టిఫికెట్ ఇస్తే ఫైలుతో సహా పోగొట్టారు, సన్నాసులు.

ఇది మనవైపు పిల్లల్ని ఏడిపించే మాటేనని రాసి, సంతకం పెట్టి వెంటనే పంపు. నిన్న ఫోన్లో ధృతి, "డాడీ, నన్ను రిటర్న్ చేస్తావా?" అని అడిగింది. 

నీ తుంటరి తమ్ముడు