చీపుర్ల గది తాళంచెవి

1968 జూన్ 9, ఆదివారం

నీ ఇంటి లోపలి గదికి తాళం ఉందని నీకెవరు చెప్పారు? ఎప్పుడైనా లాగి చూశావా? — ఇవాళ చర్చిలో ప్రసంగిస్తూ ఇదే అడిగాను. బయటి దొంగ కాదు, లోపల తిరిగేవాణ్ణి చూసుకోండి అని గొంతు పోయేలా అరిచాను. వెనక వరసలో మా గోడౌను ఊడ్చే అప్పలమ్మ తల ఎత్తలేదు.

జూన్ 10

పొద్దున్న నేను చూసుకునే సహకార సంఘం విత్తనాల గోడౌను తెరిచేసరికి అప్పలమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నిన్న నన్నే అన్నారేటి బాబూ?"

నిన్నెందుకంటాను అన్నాను.

"మరి ఇది సూడండి." చీపుర్ల గది తాళంచెవి తీసి, లోపలి గది తాళంలో సగం దోపి, కాస్త పైకెత్తి తిప్పింది. తెరుచుకుంది! సంఘం రైతులందరి విత్తనపు వడ్లూ అందులోనే. పురుగుమందు డబ్బాలూ అందులోనే...

"మబ్బు సీకట్లో పొరపాట్న ఎట్టీసినాను. తెరిసేసుకున్నాది. సెప్తే మీరు దొంగంటారు. సెప్పకపోతే దేవుడు సూస్తాడు."

ముందు ఆమె మీదే అరిచాను. తండ్రీ, క్షమించు.

జూన్ 11

మా ఆవిడ శాంత ట్రంకు పెట్టె తాళంచెవి పట్టుకెళ్లి చూశాను. దానికీ తెరుచుకుంది. ఇంటికొచ్చి చెబితే శాంత ఒకటే నవ్వు — "అయితే నన్నూ దొంగల్లో రాసీయండి."

తాళం విప్పాను. వేరే చెవిని తిరగనివ్వని లోపలి రేకుల పళ్లు లేవు. వాటంతట అవి అరిగిపోలేదు. అరగదీసింది నేనే. పోయిన వానల్లో తుప్పు పట్టి బిగుసుకుంటే ఆకురాయి పెట్టి రాశాను. వెన్నలా తిరుగుతోందని స్తోత్రం కూడా చెప్పుకున్నాను ఆవేళ.

జూన్ 12

అన్నీ చూసుకున్నాను. ఒక్క గింజ పోలేదు. ఒక్క డబ్బా కదల్లేదు. ఇన్నాళ్లూ ఆ తలుపు కాసింది నా తాళం కాదు. స్తోత్రం. ఈ సంగతి చెడ్డ చేతికి కాక అప్పలమ్మ చేతికి తెలియజేసినందుకు వెయ్యి స్తోత్రాలు.

జూన్ 13

అప్పలమ్మ చెవితో లోపలి గది తెరుచుకుందని చెప్పి, సంఘం ప్రెసిడెంటు నాయుడుగారిని కొత్త తాళం అడిగాను. అరుగు మీద నలుగురున్నారు.

"రేపు విత్తనాల పంపకం. ఊరంతా వస్తాది. ఇప్పుడేటి నీ తాళం గోల? రేపు ఆ అప్పలమ్మ సేతిలో తాళంసెవి లాగీసి పన్లోంచి తీసీ. సాలు."

తప్పు చెవిది కాదండీ, తాళానిదీ...

"ఒరే, ఆదివారం నీ మాట మేం వింతన్నాం కదా. గురువారం నా మాట నువ్వు విను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను! ఆకురాయి మాట నోట రాలేదు. వాక్యం ఎత్తితే జనాన్ని వణికించే నోరు ఇది.

సాయంత్రం అప్పలమ్మ వచ్చింది, ఒళ్లో నాలుగు ములక్కాడలు. "మీరు తిట్టినా సెప్పీసినాను. గుండె తేలికైపోనాది బాబూ." రేపటి సంగతి ఆమెకి ఏమీ తెలీదు. శాంత పులుసు పెట్టింది. కాడలు తెచ్చిన ఆ చేతులకి స్తోత్రం చెప్పి, పళ్లెం పక్కకి జరిపాను.

జూన్ 14, శుక్రవారం. తెల్లవారింది

ఎనిమిదికి జనం వస్తారు. అందరి ముందూ అప్పలమ్మ కొంగుముడి విప్పించి తాళంచెవి తీసుకుంటారు. దొంగ అనే మాట ఎవరూ అనక్కర్లేదు, ఊరే అనుకుంటుంది.

గ్రంథం ఒళ్లో ఉంది. తెరవక్కర్లేదు, అందులో ఏముందో తెలుసు.

కలం మూసెయ్. చొక్కా తొడుక్కో. ఆమె కంటే ముందు నువ్వెళ్లి ఆ గుమ్మంలో నిలబడు. తాళం చెడగొట్టింది నేనే, కనిపెట్టి కాపాడింది ఈవిడే అని చెప్పు. ఆదివారం ప్రసంగంలో కాదు. పంపకం అయ్యాక కాదు. ఈ పూటే. లే!