రిమోట్ నా బ్యాగులో ఉంది

మామయ్యగారూ,

అన్నం, కూర స్టవ్ మీదే ఉన్నాయి. మాత్ర భోజనం అయ్యాకే వేసుకోండి. పాటల పెట్టె రిమోట్ కోసం సోఫా కింద వెతక్కండి, నడుం పట్టేస్తుంది. అది నా బ్యాగులో ఉంది. డ్యూటీ నుంచి ఏడింటికి వస్తాను.

మోకాలి ఆపరేషన్ చేసిన డాక్టరు మిమ్మల్ని అరగంటకోసారి లేచి నడవమన్నారు. మీ అబ్బాయి కొన్న డిజిటల్ పెట్టె నిన్న ఆరు గంటలు ఆగకుండా పాడింది. మీరూ ఆరు గంటలు కదలకుండా కూర్చున్నారు. అదే మీ పాత ఎల్పీ రికార్డయితే ఇరవై నిమిషాలకి ఒక వైపు అయిపోతుంది, తిప్పడానికి మీరే లేవాలి. అందుకే మీరు అటకెక్కించిన ప్లేయర్ దించి, దుమ్ము తుడిచి, హాల్లో ఆ చివర కిటికీ దగ్గర పెట్టాను. కుర్చీ దాని పక్కకి జరపొద్దు. నాలుగు కాళ్ల చుట్టూ సుద్దతో గీతలు గీసి వెళ్తున్నా.

కొత్త పెట్టెలో గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుందని మీ అబ్బాయితో అన్నారు. కాదనను, నేనూ విన్నాను. రికార్డులో గరగర ఉంటుంది. ఉండనివ్వండి.

కాగితం అడుగున కాస్త చోటు మిగిలింది కాబట్టి ఇదీ రాస్తున్నా. రికార్డు తిప్పడానికి లేచినప్పుడల్లా వంటింటి గుమ్మంలో ఆగి నాతో ఏదో ఒకటి మాట్లాడి వెళ్లేవారు. ఆ పెట్టె వచ్చిన ఈ నెల రోజుల్లో మీరు నాతో అన్నది ఒక్కటే మాట: "అమ్మాయ్, మిక్సీ చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది, ఆ తలుపు కాస్త వేసుకో."