ఆమె ఏమడుగుతోందో

ట్రియెస్తె, ఇటలీ

చెల్లీ వియోరికా,

దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. నేను చూసుకునే జోర్కా అమ్మగారికే బాగాలేదు. "నోట్లో బంగాళాదుంప పెట్టుకుని జపం చేస్తావేమే?" అని వేళాకోళమాడుతూ నాకు ఇటాలియన్ నేర్పిన మనిషి, జబ్బుతో అదంతా మరిచిపోయి చిన్ననాటి స్లొవేనియన్‌లోనే మాట్లాడుతోంది. ఇక్కడ ఇటాలియన్ తప్ప మరో భాష పలకకూడదన్న రోజుల్లో ఆ భాష మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్నదట, ఆ భయంతో కొడుక్కి కూడా నేర్పలేదు. నిన్నటి నుంచి ఏదో అడుగుతూ ఏడుస్తోంది. "నాకు తెలిసేలా చెప్పవే అమ్మా!" అని అరవయ్యేళ్ల కొడుకు లివియో ఆమె కాళ్లు పట్టుకున్నాడు. నీళ్లిచ్చాం, దుప్పటి కప్పాం. అవేవీ కాదు.

మన అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? స్లొవేనియాలో, లుబ్లియానాలో పనిచేసి వచ్చిన పక్కింటి దోకియా చేత ఆ భాషలో నొప్పి, దాహం, భయపడకు అనే మాటలు మన అక్షరాల్లో రాయించి పంపు. అవి వచ్చేదాకా ఆమె ఉండకపోతే సమాధి దగ్గరైనా చెబుతాను.

పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

అక్క పరస్కీవా