జాక్సన్‌విల్ గెలిచిన సీజన్

11 సెప్టెంబర్ 2017, సోమవారం. ఉదయం 5

లాప్‌టాప్‌ని టీవీకి తగిలించాను. లక్ష్మణరావు కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. హీట్ పంప్ ఇరవై రెండు డిగ్రీల్లో పెట్టినా న్యూజీలాండ్ దక్షిణాన ఈ డునెడిన్ చలి కిటికీ సందుల్లోంచి వస్తూనే ఉంది. జాక్సన్‌విల్ జాగ్వార్స్ హ్యూస్టన్‌లో ఆడుతున్నారు. అక్కడ ఆదివారం మధ్యాహ్నం.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే నాకు అసహ్యం. కుర్రాళ్ళ తలలు ఒకదానికొకటి కొట్టించి, వాళ్ళు నలభై దాటేసరికి పిల్లల పేర్లు మర్చిపోతుంటే, కొత్త స్టేడియానికి ఊరి పన్నులు అడిగే కోటీశ్వరుల వ్యాపారం అది. ఈ మాట పత్రికలో నా కాలమ్‌లో కూడా రాశాను. అప్పుడు లక్ష్మణరావు చదివి, "కాదు నవీనా, నువ్వు ఆట చూడకుండా రాశావు," అన్నాడు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నేను ఏమన్నా అతని జవాబు 'కాదు'తోనే మొదలయ్యేది.

జూలై రెండున అతనికి స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట పోయింది. ఒక్క మాట మిగిలింది. సరే.

టీ తాగుతావా? సరే. వద్దా? సరే.

తొంభై ఎనిమిది నుంచి మూడేళ్ళు జాక్సన్‌విల్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రోగ్రాములు రాశాడు. ఉద్యోగం పోయింది, వీసా పోయింది, ఆ టీమ్ మాత్రం అతనితోపాటు న్యూజీలాండ్ వచ్చింది. పదేళ్ళుగా వాళ్ళు ఓడిపోవడమే చూస్తున్నాడు. పోయిన సీజన్‌లో పదహారు ఆటలకి గెలిచినవి మూడు. అతనికి ఇష్టమైనవేవీ ఆపొద్దని స్పీచ్ థెరపిస్ట్ హెదర్ చెప్పింది కాబట్టి లేచాను.

29–7. గెలిచారు. అతని మొహంలో ఏమీ లేదు. నా మొహంలోనూ లేదనుకుంటాను.

15 సెప్టెంబర్

అసెస్‌మెంట్ ఆవిడ వచ్చింది. లక్ష్మణరావు ఇంట్లో ఉండగలడా, నర్సులు చూసుకునే రెస్ట్ హోమ్‌కి వెళ్ళాలా తేల్చడం ఆవిడ పని. ఆక్లండ్‌లోని బోటనీ డౌన్స్ నుంచి మంగాదేవి, అంటే అతని చెల్లెలు, స్పీకర్ ఫోన్‌లో ఉంది.

మీ పేరు లక్ష్మణరావా అని అసెస్‌మెంట్ ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. సరే అన్నాడు. మీ పేరు పీటరా? సరే. మీ ఇంట్లోనే ఉండాలని ఉందా? సరే. ఆక్లండ్‌లో మీ చెల్లెలి దగ్గర్లో రెస్ట్ హోమ్‌కి వెళ్ళాలని ఉందా? సరే.

ఆ మాటకి అర్థమేమిటని నన్నడిగింది. ఓకే అని అర్థమన్నాను. ఆవిడ రాసుకున్న జవాబులు కొట్టేసింది. ఆయన మనసులో ఏముందో ఆయనే చెప్పాలి, జనవరిలో మళ్ళీ వస్తాను, అప్పటికీ అవునో కాదో తేడా తెలిసేలా చెప్పలేకపోతే కుటుంబం కూర్చుని నిర్ణయించుకోవాలి అంది. మర్యాదస్తురాలు. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

కుటుంబం అంటే నేనూ మంగాదేవీ. మాకు పిల్లల్లేరు.

తర్వాత మంగ విడిగా ఫోన్ చేసింది. నేను మధ్యాహ్నం ఆసుపత్రి డ్యూటీకి పోతే, కనిపెట్టుకుని ఉండడానికి వచ్చే కేరర్ పిల్ల ఫోన్ చూసుకుంటుంటే అన్నయ్య గోడని చూస్తూ కూర్చుంటాడట. అక్కడైతే తను రోజూ క్యారేజీ పట్టుకెళ్తుందట. నేను ముసలితనం మీద, జబ్బు మీద లాభాలు తీసే కంపెనీల గురించి మొదలుపెట్టి పది నిమిషాలు ఆగలేదు. అంతా విని, "ఉపన్యాసం అయిందా వదినా?" అంది.

18 సెప్టెంబర్

37–16. ఓడిపోయారు. ఇది అలవాటైన విషయం.

25 సెప్టెంబర్

ఈసారి లండన్‌లో ఆడారు. తెల్లవారకముందే అయిపోయింది, టిఫిన్ తింటూ రీప్లే చూశాం. ఇడ్లీ చిదిమి పెట్టాను. అమెరికా జాతీయగీతం వస్తుంటే రెండు టీముల్లోనూ కొందరు మోకాలి మీద కూర్చున్నారు. నల్లవాళ్ళ మీద పోలీసుల దౌర్జన్యానికి నిరసన. ఓనర్ కూడా ఆటగాళ్ళతో చెయ్యీ చెయ్యీ కలిపి నిలబడ్డాడు. ఓనర్లు నిరసనలో నిలబడితే అది ఇంకా నిరసనేనా? దీని మీద రెండు వేల మాటలు రాయగలను. జూన్‌లో అయితే.

కాలమ్ ఎప్పుడు పంపుతారని ఎడిటర్ జనార్ధనరావు గారి మెయిల్ వచ్చింది. ఆయనకెలా చెప్పను. నా వ్యాసాలన్నీ వంటింట్లో తయారయ్యాయి. నేనొకటి అనేదాన్ని, అతను కాదనేవాడు, రుజువు చెయ్యమనేవాడు. ఉల్లిపాయలు మాడిపోయేవి. ఆ రుజువే మర్నాడు వ్యాసం. పాఠకులు నన్ను ఫైర్ బ్రాండ్ అంటారు. నిప్పు ఎవరు రాజేసేవారో వాళ్ళకి తెలియదు.

శనివారం ఇక్కడ ఎన్నికలయ్యాయి. ఓటు వేశాను. ఎవరికి వేశానో గుర్తుంది. ఎందుకో గుర్తులేదు.

44–7. గెలిచారు.

2 అక్టోబర్

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. టీవీ ఆపేసి అతని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. హెదర్ అతన్ని పరీక్షించొద్దంది. పరీక్షించాను.

కార్మిక సంఘాలని రద్దు చెయ్యాలన్నాను. సరే. ఆసుపత్రులన్నీ అమ్మేయాలి. సరే. ఆడవాళ్ళకి రాజకీయాలెందుకు. సరే. రిజర్వేషన్లు తీసేయాలి. సరే. అణుబాంబు మంచిదే. సరే.

పావుగంటలో అతనిచేత ప్రపంచంలోని అన్యాయాలన్నిటికీ ఒప్పుకోలు చెప్పించాను. ఇంత తేలికగా నేను ఎవరినీ ఓడించలేదు. డ్యూటీకి వెళ్ళి ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ నాలుగు ట్రాలీలు స్టెరిలైజ్ చేశాను.

9 అక్టోబర్. ఉదయం 6

పిట్స్‌బర్గ్ వెళ్ళి పిట్స్‌బర్గ్‌ని 30–9తో కొట్టారు. అవతలివాళ్ళు విసిరిన బంతిని ఐదుసార్లు మధ్యలోనే పట్టేశారు.

ఈ ఆట ఇప్పుడు కొంత తెలుస్తోంది. నాలుగు ప్రయత్నాలిస్తారు. పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగిస్తారు. జరగకపోతే బంతి అవతలివాళ్ళది. జాక్సన్‌విల్ పది గజాలు దాటిన ప్రతిసారీ లక్ష్మణరావు ఎడమ చూపుడువేలు కుర్చీ చేతి మీద ఒకసారి తడుతోంది. మొదట అనుకోకుండా తట్టాడనుకున్నాను. లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పలేదు.

అంటే లోపల ఉన్నాడు. లోపల ఉండి నాకు సరే అంటున్నాడు.

19 అక్టోబర్

ప్రభుత్వం మారింది. తొమ్మిదేళ్ళు తిట్టిన ప్రభుత్వం. టీ పెట్టుకున్నాను.

23 అక్టోబర్

లేబర్ డే. ఎనిమిది గంటల పనిరోజు కోసం పోరాడినవాళ్ళ పేరు మీద సెలవు. మధ్యాహ్నం డ్యూటీ చేశాను. పదేళ్ళలో ఎన్నడూ ఈ రోజున డ్యూటీకి ఒప్పుకోలేదు, ఏటా ఈ రోజున కాలమ్ రాసేదాన్ని. ఈసారి సూపర్‌వైజర్ అడిగితే సరే అన్నాను. అన్నాక ఆ మాట ఎక్కడిదో తట్టింది.

27–0. గెలిచారు.

6 నవంబర్. ఉదయం 6

పొరపాటు చేశాను. అమెరికాలో నిన్న గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆట ఏడింటికి. అతన్ని లేపి, మొహం కడిగి, కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది. మళ్ళీ పడుకోబెట్టాలంటే ఇద్దరికీ ఓపిక లేదు. గంటసేపు నల్లటి టీవీ ముందు కూర్చున్నాం.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నిజం మాట్లాడాను. మంగ చూసిన రెస్ట్ హోమ్ శుభ్రంగా ఉందట. ఫిబ్రవరిలో గది ఖాళీ అవుతుందట. నువ్వు వెళ్తే నాకు నిద్ర దొరుకుతుంది. నువ్వు వెళ్తే ఈ ఇంట్లో నేను ఎవరితో ఉంటానో తెలియదు. నువ్వు ఉన్నా తెలియడం లేదు. నిన్ను పంపకూడదని మంగతో వాదిస్తున్నాను, నీకేం కావాలో నాకు తెలియదు. నాకేం కావాలో కూడా తెలియదు. నువ్వు ఒక్కసారి కాదను, అది దేనికైనా సరే, అక్కడినుంచి నేను చూసుకుంటాను.

సరే అన్నాడు.

ఏడింటికి ఆట మొదలైంది. 23–7. గెలిచారు.

13 నవంబర్

ఎక్స్‌ట్రా టైమ్‌లో గెలిచారు. ఫిజియో అతన్ని కారిడార్‌లో ఆరు గజాలు నడిపించింది. ఆవిడా గజాలే కొలుస్తుంది.

27 నవంబర్

27–24. ఓటమి.

18 డిసెంబర్

45–7. పదేళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నారు. పోయిన ఏడాది నవ్విన కామెంటేటర్లు ఇప్పుడు మాకు ముందే తెలుసంటున్నారు. విశ్లేషకులందరూ ఇంతే. నేను కూడా.

ప్లేఆఫ్స్‌లో ఒక్కసారి ఓడితే ఇంటికే. అసెస్‌మెంట్ తారీఖు వచ్చింది. జనవరి 24.

1 జనవరి 2018

మంగాదేవి వచ్చి నాలుగు రోజులైంది. ఫ్రిజ్ నిండా గోంగూర, కందిపొడి, సున్నుండలు. పొద్దున మాతోపాటు ఆట చూసింది. ఓడిపోయారు. ఇదేం ఆట వదినా, రెండు అడుగులేసి పడిపోవడం, లేచి మీటింగ్ పెట్టుకోవడం అంది. ఆ తర్వాత అన్నయ్య వేలు తట్టడం చూసింది. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

మధ్యాహ్నం అప్లికేషన్ బల్ల మీద పెట్టింది. గది చూసిందట, కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయట. నేను రెస్ట్ హోమ్‌ల మీద మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వదినా, నువ్వు అన్నయ్య కోసం కొట్లాడుతున్నావా, నెగ్గడానికి కొట్లాడుతున్నావా?"

ఇరవై నాలుగో తారీఖున అన్నయ్య వెళ్ళనంటే ఆ కాగితం తనే చింపేస్తుందట. అనకపోతే నేను సంతకం పెట్టాలి. ఒప్పుకున్నాను.

8 జనవరి

10–3. గెలిచారు. ఇంకో వారం.

15 జనవరి

45–42. మళ్ళీ పిట్స్‌బర్గ్‌లోనే. ఇంకొక్కటి గెలిస్తే సూపర్ బౌల్, అంటే ఫైనల్. లక్ష్మణరావు అరచేత్తో కుర్చీని కొట్టాడు. సున్నుండ ఇంకా కావాలా అంటే సరే, చాలా అంటే సరే.

22 జనవరి. మధ్యాహ్నం 1

వరసగా రాస్తాను.

నాలుగో క్వార్టర్. జాక్సన్‌విల్ 20, న్యూ ఇంగ్లండ్ 10. అవతలివాడి చేతుల్లోంచి మనవాడు బంతి లాక్కున్నాడు. బంతితో కింద పడ్డాడు, ఒక్క చెయ్యీ తగలకుండానే లేచి పరుగందుకున్నాడు. ముందు మైదానం ఖాళీగా ఉంది. కిందపడ్డవాణ్ణి అవతలివాళ్ళు తాకితేనే ఆట ఆగాలి, అయినా విజిల్ ఊదేశారు. బంతి మనదే, పరుగు మాత్రం చెల్లదన్నారు. రీప్లే వేశారు, మళ్ళీ వేశారు. ఎటునుంచి చూసినా అతన్ని ఎవరూ తాకలేదు.

నాకు ఓపిక అయిపోయింది. ఆట గురించి కాదు, మొత్తం. "విజిల్ ఊదారంటే సరిగ్గానే ఊది ఉంటార్లే," అన్నాను. యాభై ఒక్కేళ్ళలో విజిల్ ఊదేవాడి పక్షాన నేనన్న మొదటి మాట.

"కాదు."

టీవీలోంచి వచ్చిందనుకున్నాను. టీవీలో తెలుగు ఎందుకొస్తుందని తర్వాత తట్టింది. ఏమన్నావని అడిగాను.

"కాదు."

ఎడమచెయ్యి టీవీ వైపు చాపి ఉంది.

చివర్లో అవతలివాళ్ళకి రెండు టచ్‌డౌన్లు ఇచ్చేసి 24–20తో ఓడిపోయారు. సీజన్ అయిపోయింది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. గిన్నెలు కడిగాను. మంగకి ఫోన్ చెయ్యలేదు.

అదే రోజు. సాయంత్రం 4

డ్యూటీకి వెళ్ళలేదు. టీ తాగుతావా అని అడిగాను. కాదు. వద్దా? కాదు. నీ పేరు లక్ష్మణరావా? కాదు.

23 జనవరి

పొద్దుటి నుంచీ అన్నిటికీ కాదు. ఒక మాట పోయి ఇంకో మాట వచ్చింది, అంతే కావచ్చు. అప్లికేషన్‌లో నా సంతకం ఎక్కడ పెట్టాలో మంగ పెన్సిల్‌తో గీత గీసి వెళ్ళింది. పెన్ను వెతికి దాని పక్కన పెట్టాను.

24 జనవరి. సాయంత్రం 6

మీ పేరు పీటరా? కాదు. లక్ష్మణరావా? చాలాసేపు నోరు కదిపాడు. సరే. ఆక్లండ్ వెళ్తారా? కాదు. అసెస్‌మెంట్ ఆవిడ ప్రశ్న తిప్పి అడిగింది, ఇక్కడే ఉంటారా అని. సరే.

స్పీకర్ ఫోన్‌లో కాగితం చిరిగిన చప్పుడు. తన దగ్గరున్న కాపీ కాబోలు. అది అయ్యాక మంగ, వదిన నిన్ను బాగా చూసుకుంటోందా అన్నయ్యా అని అడిగింది.

కాదు అన్నాడు.

అసెస్‌మెంట్ ఆవిడ వెళ్ళి నాలుగు గంటలైంది. రుజువు చెయ్యమని అతన్ని అడుగుతూనే ఉన్నాను. ఉల్లిపాయలు మాడిపోయాయి.