చెరిపేసిన పాదం

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం, నా మనసొక్కటే బాగాలేదు. బాగున్నానని ఊరికే రాయకు, బాగుంటేనే రాయి. మీ క్యాంపులో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారట కదా. అందుకే నీ పక్క మంచం అమ్మాయిని చూడ్డానికి వస్తున్న వాళ్లమ్మగారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రేపు ఉదయానికి నీకు అందుతుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ పాత బూట్లు పారేయలేదు, అటక మీదున్నాయి. మీ అమ్మకు దగ్గు తగ్గింది, నా మీద అరిచే ఓపిక మళ్లీ వచ్చింది. ఇక మూడోది. "హైజంప్ కూడా కళేనని ఇప్పుడైనా ఒప్పుకుంటావా నాన్నా?" అని రాశావు. ముప్ఫై ఏళ్లుగా డ్రాయింగు మాస్టారుగా పిల్లల గీతలు దిద్దుతున్నవాణ్ణి. బొమ్మ మిగులుతుంది, గెంతు గాల్లో కలిసిపోతుంది అంటూ నిన్ను ఎన్నిసార్లు ఏడిపించానో.

పోయిన నెల నీ పోటీకి రానన్నాను కదా. వచ్చాను. చివరి వరసలో టోపీ కిందికి లాక్కుని కూర్చుని, కాలక్షేపానికి స్కెచ్ పుస్తకం తీశాను. నువ్వు వంపు తిరుగుతూ పరుగెత్తి, ఎడమ కాలు నేలకు తన్ని, కర్ర మీదుగా వెల్లకిలా వాలిపోతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. గెలుస్తావా ఓడతావా అన్నదే మర్చిపోయాను. పన్నెండు బొమ్మలు గీశాను. ఒకటి ఫ్రేము కట్టించి బడి వరండాలో తగిలించాను కూడా. హెడ్మాస్టరుగారు చూసి, "కాలి గీత ఎంత తీరుగా వచ్చిందండీ" అన్నారు. నేను పొంగిపోయాను.

మొన్న మీ అమ్మ ఆ పుస్తకం తిరగేస్తూ, "ఏమండీ, అన్ని బొమ్మల్లోనూ ఒక్కచోటే చెరిపారేం?" అంది.

"ఎక్కడ?"

"ఎడమ పాదం దగ్గర. కాగితం చిరిగేలా ఉంది."

కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూశాను. రబ్బరు మరక కింద మొదటి గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. పుస్తకంలో మిగిలిన పదకొండింటిలోనూ నీ పాదం బయటికి తిరిగి, మోకాలు లోపలికి వాలి ఉంది. పాదం, మోకాలు ఒకేవైపు చూడాలని రోజూ పిల్లలకు దిద్దే చెయ్యి కదా, నా కన్నే పొరబడిందనుకుని ప్రతిసారీ చెరిపి తిన్నగా గీశాను. కన్ను సరిగ్గానే చూసిందమ్మా.

"వాళ్ల కోచ్ చూడలేదంటారా?" అంది మీ అమ్మ.

"కర్ర దాటుతున్నన్నాళ్లు కాలి వంక ఎవరు చూస్తారే?" అన్నాను.

కానీ నేను చూశాను. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు. నాలుగోసారి దూకాక నువ్వు అటు తిరిగి, ఎవరూ చూడకుండా మోకాలు నొక్కుకున్నావు. నేను చూసి కూడా పేజీ తిప్పాను. ఇంకొక్కసారి దూకితే ఇంకో బొమ్మ వస్తుందని ఆశపడ్డాను. కన్నతండ్రికి రావలసిన ఆలోచనేనా అది? మొన్నటినుంచి అన్నం సహించడం లేదు.

చెరిపిన బొమ్మ ఒకటి చించి ఇందులో పెట్టాను. ఆదివారం సెలక్షన్‌కి ముందే మీ క్యాంపు డాక్టరమ్మకు చూపించు. కోచ్ కోప్పడితే మా నాన్నకు చాదస్తం అని చెప్పు. నొప్పి ఎప్పటినుంచో దాచకుండా రాయి. "ఏం లేదు నాన్నా" అని మాత్రం రాయకు, ఆ మాట నా దగ్గరే నేర్చుకున్నావు.

ఆదివారం వస్తున్నాను. నువ్వు దూకినా సరే, బెంచీ మీద కూర్చున్నా సరే, ముందు వరసలోనే ఉంటాను. స్కెచ్ పుస్తకం తీసుకురాను.

నీది కళే, ఒప్పుకుంటున్నాను. కాకపోతే నా బొమ్మలో కాలు వంకరపోతే చెరిపి గీసుకుంటాను. నీకు ఇంకో మోకాలు గీసివ్వడం నాకు రాదు తల్లీ.

ఇట్లు,
చూసి కూడా పేజీ తిప్పిన
మీ నాన్న